తడక వెయ్యొద్దన్న అవ్వ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరైనా అలాంటివి చెబితే ముఖం మీదే నవ్వేదాన్ని. యంత్రం ఆగిందంటే ఎక్కడో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా ఉద్యోగమే అది. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఆఫీసులన్నీ ఇంటి నుంచే నడిచిన రోజులు. అచ్చంపేట దగ్గర మా ఊళ్లో, అవ్వ మంచం పక్కనే బల్ల వేసుకుని పనిచేసేదాన్ని. అవ్వ అంటే మా నాయన తల్లి. అప్పటికి చాలా ఏళ్లుగా ఆమెకు చూపు లేదు. మాకు గొర్లు ఉన్నన్నాళ్లూ, సాయంత్రం అవి దొడ్డిలోకి వస్తుంటే వీపులు తడుముతూ లెక్కపెట్టేది. అన్నీ వచ్చాకే తడక వెయ్యనిచ్చేది.

నా పనేంటో అవ్వకు గొర్లతో పోల్చి చెప్పాను. దవాఖానల రికార్డులు క్లౌడ్‌లో ఎక్కడో దూరాన ఉంటాయని, వాటి పని చూసే కంటైనర్లనే చిన్న ప్రోగ్రాముల్లో ఒకటి పడిపోతే దాని జాగాలో ఇంకొకటి దానంతటదే లేస్తుందని. "సచ్చిన గొర్రె మల్ల లేస్తదా? గసొంటి మంద మాకెందుకు దొరకలే!" అని ఒకటే నవ్వు. అప్పట్నుంచి రోజూ "మందంత వచ్చిందా బిడ్డా?" అని అడిగేది.

ఆ రోజు ఒక కిడ్నీ దవాఖాన డేటాబేస్‌ను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాను. ఎవరికి డయాలసిస్ ఎప్పుడు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ అందులోనే. వారం నుంచి పాతదాంట్లో చేరిందల్లా కొత్తదాంట్లోకి కాపీ అవుతోంది. తెర మీద అన్నీ పచ్చ చుక్కలే. ఇక పాతదాన్ని చెరిపెయ్యడమే మిగిలింది. కీ మీద వేలు పెట్టాను.

గోడవైపు తిరిగి పడుకున్న అవ్వ ఉన్నట్టుండి అంది: "తడక ఎయ్యకు బిడ్డా. ఒకటి ఎనకవడ్డది."

కలవరిస్తోందనుకున్నాను. "అన్నీ వచ్చినయ్ అవ్వా, పండుకో" అన్నాను.

"రాలే. జర సూడు."

గొంతులో నిద్ర లేదు. ఆమె మాట తీసెయ్యలేక, విసుక్కుంటూనే రెండింట్లో రికార్డులు లెక్కపెట్టి చూశాను.

కొత్తది నాలుగు రోజుల కిందే కాపీ చేసుకోవడం ఆపేసింది. సర్వర్ నడుస్తూనే ఉంది కాబట్టి చుక్క పచ్చగానే ఉంది. బ్యాకప్పులు కూడా ఆ కొత్తదాని నుంచే తీస్తున్నాం. కీ నొక్కి ఉంటే, ఆ నాలుగు రోజుల్లో చేరిన రోగుల వివరాలు ఎక్కడా మిగిలేవి కావు.

అవ్వను పట్టుకుని ఏడ్చేశాను. ఎట్లా తెలిసిందని అడిగితే, "అడుగుల సప్పుడు తక్కువ ఇనవడ్డది" అంది, మామూలు సంగతే అన్నట్టు. నా ల్యాప్‌టాప్‌లో శబ్దమే లేదు. ఆ రోజు చేస్తున్న పని గురించి ఆమెకు చెప్పనూ లేదు. పైగా ఆమె చచ్చింది అనలేదు, వెనకబడ్డది అంది. చచ్చింది అని ఉంటే పచ్చ చుక్క చూసి, అన్నీ బతికే ఉన్నాయని నొక్కేసేదాన్నే.

ఆఫీసుకు పంపిన రిపోర్టులో 'ఎవరు గుర్తించారు' అన్న గడిలో నా పేరు రాసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడు అవ్వ పోయింది.

సిగ్గేసి ఆ గడి దిద్దుదామని చాలాసార్లు తెరిచాను. పేరు మార్చడం ఎంతసేపు? కానీ దాని కిందే 'ఎట్లా గుర్తించారు' అని ఇంకో గడి ఉంది. అక్కడ ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.