మొదటి పేరు లేని అర్జీ

నేను ఇప్పుడు పనిచేసే నిజామాబాద్ గంజ్‌కు పసుపు తెచ్చిన మోర్తాడ్ రైతు ఒకతను, మూటలు దింపకముందే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, మీ పాకం మేస్త్రి పోయిండు. నిన్న పొద్దుగాల చాయ తాగి, 'చక్కెర తక్కువైంది' అన్నడట. గంతే, ఒరిగిండు."

అంత దుఃఖంలోనూ నాకు నవ్వు వచ్చింది. ముప్పై ఏళ్లు చక్కెర వండిన మనిషి చివరకు చక్కెర తక్కువైందని ఫిర్యాదు చేసి వెళ్లారు. అదీ ఆయన పద్ధతిలోనే: ఒకే ఒక్క ఫిర్యాదు.

బోధన్ నుంచి రెంజల్ పోయే బాటలో, ఇప్పుడు మూతపడిన ఒక ఖండసారి మిల్లులో ఆయన పాకం మేస్త్రి. నేను చెరకు రసంలో సున్నం కలిపేవాణ్ణి. అందరం ఆయనను 'కాకా' అనేవాళ్లం. మరిగే కడాయి నుంచి చుక్క తీసి, రెండు వేళ్ల మధ్య తీగగా సాగదీసి, కిటికీ వెలుగులో చూసేవారు. తీగ నచ్చితే "దించుండ్రి" అనేవారు. ఆ తర్వాత వేళ్లు నాకడం మాత్రం తప్పదు. "రుచి సూడకుంటె ఈ నౌకరి ఎందుకురా?" అనేవారు.

మిల్లు యజమాని సేటు హైదరాబాదులో ఉండేవారు. మిల్లు మేనేజరు చేతిలో ఉండేది. ఒకరిని తిట్టవలసి వస్తే పదిమందిని పిలిచి, వారి ఎదుట తిట్టడం ఆ మేనేజరు పరిపాలన. సేటు ఒకసారి వచ్చి గోడకు ఫిర్యాదుల పెట్టె కొట్టించారు. దాని తాళంచెవి మేనేజరు మొలతాడుకు వేలాడేది. ఫిర్యాదులన్నీ తన మీదే కనుక వాటిని ఎంతో శ్రద్ధగా చదివేవాడు. అర్జీలో మొదటి పేరు ఎవరిదైతే, అతను మరునాటికి మడ్డి కుప్ప దగ్గర ఉండేవాడు. రసం వడగట్టగా మిగిలే ఆ మడ్డి ఎండకు పులిసేది. దాని వాసన ఇంటి గడప దాకా మన వెంట నడిచేది.

నేను బడి ముఖం చూడనివాణ్ణి. పొట్లం కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల రాయడమంటే ప్రీతి, వరుస సంఖ్యలు వేసి రాయడమంటే మరీ ప్రీతి. బకెట్టుతో నేనెక్కే ఇనుప నిచ్చెనకు నాలుగో మెట్టు విరిగి ఉంది. సరిగ్గా దాని కింద మరిగే కడాయి. ఆ సంగతి రాయబోయి, మిల్లులోని లోపాలన్నీ కలిపి పదకొండు అంశాల అర్జీ తయారుచేశాను. నిచ్చెన మొదటిది. తువ్వాళ్లు తగిలించుకునేందుకు మేకులు లేకపోవడం పదకొండవది. అడుగున అందరికంటే ముందు నా పేరు, అందంగా.

మూడో రోజున గోడకు ఆరు మేకులు కొట్టించి, పక్కనే 'ఫిర్యాదు పరిష్కరింపబడినది' అని కాగితం అంటించారు. నన్ను మడ్డికి పంపారు.

కాకా తన తువ్వాలు కొత్త మేకుకు తగిలించి, నన్ను చూడటానికి కుప్ప దాకా వచ్చారు.

"పదకొండు రాస్తివి బిడ్డా. వాళ్లకు అల్కగున్నది ఏరుకున్నరు. ఒక్కటే రాస్తె ఏరుకునుడేముంటుండె?"

"తక్కిన పది అబద్ధమా కాకా?"

"నిజమే. కని మనిషి కడాయిల పడ్డంక తువ్వాల ఏడ తగిలిస్తవ్?"

నా బదులు సున్నం పనికి పెట్టిన మనిషి నాకంటే పెద్దవాడు, ఒక కన్ను మసక. వారం తిరగకముందే నాలుగో మెట్టు దగ్గర అతని కాలు జారింది. పై కడ్డీ పట్టుకొని వేలాడి బతికాడు. బకెట్టు కడాయిలో పడి పాకం పాడైంది. మేనేజరు పరుగున వచ్చి బకెట్టును గురించి విచారించాడు.

మరునాడు అన్నం వేళ కాకా తన సద్దిగిన్నె మూతను కాగితం మీద బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. లోపల నా చేత ఒకే వాక్యం రాయించారు: 'నిచ్చెనకు నాలుగో మెట్టు వేయించవలెను.' పేర్లన్నీ గీత వెంబడి, బండిచక్రం ఆకుల్లా. రాయడం రానివారు మసిలో వేలు ముంచి ముద్ర వేశారు. కాకా వేలికి మసితోపాటు పాకం కూడా ఉంది.

సేటు వచ్చిన రోజున ఆ కాగితాన్ని పెట్టెలో వేయలేదు. మేనేజరు కొట్టించిన మేకుకే తగిలించాం. సేటు చూస్తుండగా మేనేజరు దాన్ని లాగి, ఇటు తిప్పి, అటు తిప్పి, తానే తల తిప్పాడు.

"దీంట్ల మొదటోడు ఎవడు?"

"మీరు ఏడికెల్లి సదివితె ఆడికెల్లే సారూ," అన్నారు కాకా, వేళ్లు నాకుతూ.

సేటు పకపకా నవ్వారు. "అందరినీ మడ్డికి పంపి చక్కెర నువ్వే వండుతవా?" అని మేనేజరును అడిగారు. సాయంత్రానికి కొత్త మెట్టు వేయించారు. నేను మళ్లీ సున్నం దగ్గరికి వచ్చాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. కాకా ముద్రను మాత్రం అప్పట్లోనే చీమలు తినేశాయి. మొదటి పేరు ఎవరిదో వాటికి తెలిసిపోయినట్టుంది.

తక్కిన తొమ్మిదింటికీ ఒక్కొక్కటిగా తొమ్మిది చక్రాలు గీశాం, ఆరు గెలిచాం. మేనేజరు మారలేదు. పెట్టె తాళం తీయడం మాత్రం మానుకున్నాడు.

కాకా దినాలకు పాత మిల్లువాళ్లం పన్నెండుమందిమి వెళ్లాం. ఎవరూ చెప్పకుండానే భోజనానికి గుండ్రంగా కూర్చున్నాం. ఒక విస్తరి ముందు ఎవరూ కూర్చోలేదు. పరమాన్నం గిన్నెతో వచ్చిన కాకా పెద్దకోడలు మధ్యలో నిలబడిపోయింది.

"ఏడికెల్లి షురువు జెయ్యాలె బాపూ?"

మసక కన్ను పెద్దమనిషి ఖాళీ విస్తరి వైపు చెయ్యి చూపించాడు. "గాడికెల్లి బిడ్డా."

మేం అన్నం కలుపుకునేసరికే ఆ విస్తరి అంచున చీమలు బారులు తీరాయి.