పెద్దక్క పిలిచిన చుట్టం

పెద్దక్కను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కూలీల ముఠాలో ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళున్నా, వాళ్ళు కూడా పెద్దక్కా అనే పిలుస్తారు. ద్రాక్షతోటలో కోతకి ముందు వరస ఎప్పుడూ ఆమెదే. ఆమె కత్తెర ఎంత జోరుగా ఆడితే వెనకాలవాళ్ళ కత్తెరలూ అంత జోరుగా ఆడాలి. ఎండ మరీ మాడ్చేస్తున్న రోజున ఆమె కావాలనే కాస్త నెమ్మదిస్తుంది. మేస్త్రి కసిరితే, "నా కత్తెర మొండిదైంది మేస్త్రీ, నీ నోటికున్నంత పదును దానికెక్కడిది?" అంటుంది. మేస్త్రి నవ్వేసి ఊరుకుంటాడు. ఆమె లేందే ముఠా కదలదని అతనికి తెలుసు.

పెళ్ళయిన కొత్తలోనే మొగుడితో కలిసి పంటల వెంట బయల్దేరిన మనిషి ఆమె. ఒకచోట ఉల్లి, ఇంకోచోట టమాటా, ఎండలు ముదిరేసరికి ద్రాక్ష. మొగుడు పోయినా ఆ తిరుగుడు ఆగలేదు. తోడుకి చెల్లెల్ని తెచ్చుకుంది. చెల్లెలికి నలభై దగ్గర పడుతున్నా ముఠా అంతటికీ ఆమె చిన్నదే. ఏ ఊళ్ళో దిగినా ఉండేది తోటవాళ్ళ షెడ్డులో. పైన రేకులు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, అడ్డానికో కుటుంబం. అవతలివాళ్ళు తుమ్మితే ఇవతలివాళ్ళు చిరంజీవ అనాల్సిందే.

ఈ ఏడు ద్రాక్ష చివరికొస్తుండగా చిన్నది ట్రాలీ మీంచి పడింది. పైకెక్కి పళ్ళ పెట్టెలు పేరుస్తుంటే డ్రైవరు చెప్పాపెట్టకుండా ట్రాక్టరు లాగేశాడు. తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. పనిలో తగిలిన దెబ్బ గనక ఖర్చు పనిచ్చినవాళ్ళదే, వాళ్ళ దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నాడు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ, ఇక మనిషి లేచి నడవదనీ కూడా చెప్పాడు.

తోట యజమాని, "ఆమె మా మనిషి కాదు, మేస్త్రి మనిషి" అన్నాడు. మేస్త్రి, "నేను పని చూపించేవాణ్ణి, పనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఆ విధంగా చిన్నది ఎవరి మనిషీ కాకుండా పోయి, పడిన ట్రాలీలోనే పడుకుని తిరిగి షెడ్డుకొచ్చింది.

వచ్చేటప్పుడు ఆసుపత్రి నర్సు పెద్దక్క చేతిలో ఒక కార్డు పెట్టింది. "ప్రభుత్వ న్యాయసహాయ కేంద్రం వాళ్ళ నంబరు. మీలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. పైసా తీసుకోరు" అంది.

ఆ చివరి మాటే కొంప ముంచింది. పెద్దక్క బతుకులో ఊరికే దొరికినవన్నీ మేస్త్రి ఇచ్చినవే. బస్సు ఊరికే, షెడ్డు ఊరికే, జ్వరమొస్తే మాత్రలు ఊరికే. తర్వాత వాటికోసం ఎంత వంగాల్సి వచ్చిందో ఆమె నడుముకి తెలుసు. కార్డును రవికెలో దోపుకుని కొన్నాళ్ళు అలాగే తిరిగింది. చిన్నది నొప్పికి ఓర్చుకోలేక దుప్పటి అంచు కొరికి కొరికి చింపేస్తుంటే చూడలేక, ఆఖరికి ఫోన్ చేసింది.

"పైసా తీసుకోనివాళ్ళు ఎవరి తరఫున మాట్లాడతారమ్మా?" అని మొట్టమొదట అదే అడిగింది.

అవతల ఉన్న లాయరమ్మ నవ్వలేదు. "మీ తరఫునేనండీ. నాకు జీతం ప్రభుత్వం ఇస్తుంది. పని మాత్రం మీది చేస్తాను."

"జీతమిచ్చేవాడి మాట వినని మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు."

"అయితే నన్ను చూద్దురుగాని. రేపొస్తాను."

అన్నట్టే వచ్చింది. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేశాడు. "ఇది సొంత స్థలమండీ. ఇలా పిలవని పేరంటానికి వచ్చేస్తే ఎట్లా?" అన్నాడు. కారు వచ్చిన దారినే వెనక్కి పోయింది. సాయంత్రం లాయరమ్మే ఫోన్ చేసింది.

"వాచ్‌మన్ అన్నది కొంతవరకూ నిజమేనండీ. తోట వాళ్ళది. నా అంతట నేను లోపలికి రాలేను. కానీ మీరుండే చోటికి మీరెవర్నయినా పిలుచుకోవచ్చు. దానికి చట్టం ఒప్పుకుంటుంది. గేటు దగ్గరికొచ్చి మీరు నన్ను పిలవండి, చాలు."

"పిలవడానికి అదేమన్నా ఇల్లా అమ్మా?"

"మీరు రోజూ ఎక్కడ పడుకుంటారో అదేనండీ మీ ఇల్లు. మీ చెల్లెలి మాట నేను ఆవిడ నోటే వినాలి, సంతకం తీసుకోవాలి. పంటైపోయి మీరు వేరే జిల్లాకి వెళ్ళిపోతే కేసు నా చెయ్యి దాటిపోతుంది. అక్కడి ఆఫీసులో మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి. అంతవరకూ ఆ ఎముక ఆగదు."

చిన్నదాన్నే గేటు దాకా మోసుకెళ్దామని చూశారు. మంచంతో సహా లేపారో లేదో, అది పెట్టిన కేకకు అందరి చేతులూ జారిపోయాయి. ఆ ఆలోచన అక్కడితో సరి.

షెడ్డులో రహస్యం దాగితే కదా! మర్నాటికల్లా మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. "పెద్దక్కా, లాయర్లని పిలిచే ముఠాకి ఏ తోటా పనివ్వదు. నువ్వు పిలిచావంటే వచ్చే పంటకి బస్సులో నీకు చోటుండదు. ఈ మాట నేననడం లేదు, లోకం అంటోంది."

"అనడానికి లోకానికి నీ గొంతే దొరికిందా?" అందామె. అనైతే అంది గానీ, లోపల భయపడింది. ఆ బస్సు తప్ప ఆమెకు వేరే బతుకుదెరువు తెలియదు.

ఇంకోటి కూడా ఉంది. ఆమె ఎవర్నీ ఇంటికి పిలిచి ఎరగదు. దారిలో పలకరించిన వాళ్ళని కూడా మా ఇంటికి రండి అనడం లోకంలో అందరికీ మంచినీళ్ళ ప్రాయం. అలాంటి మాట ఆమె నోట ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. పిలిస్తే ఎక్కడికి పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి?

"వద్దక్కా" అంది చిన్నది. "నేనెలాగూ కుంటిదాన్నయ్యాను. నీ పని కూడా పోతే ఇద్దరం ఏం తింటాం?"

"నోర్ముయ్. కుంటిదానివి ఇంకా కాలేదు" అంది పెద్దక్క. చెల్లెలిని తిట్టాకే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. లాయరమ్మకి కబురు చేసింది.

లాయరమ్మ వచ్చిన రోజు వాన. కోత ఆగిపోయింది, మనుషులందరూ షెడ్డులోనే ఉన్నారు. పెద్దక్క గోనెసంచి గొంగడిలా నెత్తిన కప్పుకుని, బురదలో కాళ్ళు ఈడ్చుకుంటూ గేటు దాకా నడిచింది. వాచ్‌మన్ గది చూరు కింద మేస్త్రి నిలబడి ఉన్నాడు. అతను ఊరికే నిలబడలేదని అందరికీ తెలుసు.

"ఎవరింటికి?" అని వాచ్‌మన్ గేటవతల ఉన్న లాయరమ్మని అడిగాడు. లాయరమ్మ పెద్దక్క వైపు చూసింది.

పెద్దక్క నెత్తిమీద గోనెసంచి సర్దుకుంది. మేస్త్రి చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు వినేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. అదీ ఒకందుకు మంచిదే అయింది.

"మా ఇంటికి" అంది. "నేనే పిలిచాను. రామ్మా లోపలికి, తడిసిపోతున్నావు."

వాచ్‌మన్ మేస్త్రి మొహం చూశాడు. మేస్త్రి వాన వైపు చూశాడు. లాయరమ్మ తన చేతిలో ఉన్న చట్టం కాగితాన్ని చూపించింది. వాచ్‌మన్ దాన్ని చదవలేదు గానీ, గేటు తీశాడు.

షెడ్డులోకి రాగానే పెద్దక్క పళ్ళ పెట్టె ఒకటి బోర్లించి, మీద ఉతికిన తువ్వాలు పరిచింది. ఉన్న ఒక్క గ్లాసునీ మళ్ళీ మళ్ళీ తోమి మంచినీళ్ళిచ్చింది. తాగేదాకా పక్కనే నిలబడింది. లాయరమ్మ అడుగుతుంటే చిన్నది చెప్పింది. ట్రాక్టరు ఎవరిది, డ్రైవరుకి జీతం ఎవరిస్తారు, పొద్దున్నే ఏ వరసకి వెళ్ళాలో చెప్పేదెవరు? చెబుతున్న కొద్దీ అన్నిటికీ తోట యజమాని పేరే వచ్చింది. డ్రైవరు ముందుగా కేకేశాడా అని అడిగినప్పుడు మాత్రం చిన్నదానికి సరిగ్గా గుర్తులేదు.

"కేకెయ్యలేదమ్మా, చెప్పకుండానే లాగాడు" అని ప్లైవుడ్ అవతల నుంచి ఎవరో అన్నారు.

"ఎవరండీ? వచ్చి చెప్తారా?" అంది లాయరమ్మ.

ఎవరూ రాలేదు. వాళ్ళకీ బస్సులో చోటు కావాలి మరి. లాయరమ్మ రెట్టించలేదు. చిన్నది చెప్పినంత రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని వెళ్ళింది.

ఆ కాగితం పనిచేసింది. ఖర్చు తోటదేనని కార్మిక అధికారి తేల్చాడు. ఆపరేషనయ్యి మనిషి కోలుకునేదాకా అక్కాచెల్లెళ్ళని షెడ్డులోంచి కదిలించకూడదని కూడా అన్నాడు. ఆసుపత్రి వాళ్ళు తేదీ ఇచ్చారు. నడవడం ఖాయమని డాక్టరు చెప్పాడు, పరుగులు మాత్రం పెట్టలేదన్నాడు. "పరిగెత్తి నేనెక్కడికెళ్ళాలి గనక" అంది చిన్నది. చాలారోజుల తర్వాత అక్కా చెల్లెళ్ళు ఇద్దరూ నవ్వారు.

మేస్త్రి కూడా మాట మీద నిలబడ్డాడు. కోత ముగిసింది, బస్సొచ్చింది. ముందు వరస ఇంకొకామెకి ఇచ్చాడు. మూటలు బస్సు పైకెక్కాయి, ఒక్క పెద్దక్క మూట తప్ప.

ఇన్నేళ్ళూ అందరూ కలిసి దిగేవాళ్ళు, అందరూ కలిసి ఎక్కేవాళ్ళు. ఒకరి దగ్గర ఒకరు సెలవు తీసుకునే పని ఎప్పుడూ పడలేదు. ఈసారి ఆడవాళ్ళు ఒక్కొక్కరే అడ్డం దగ్గరికొచ్చారు. మొదట వచ్చినామె తల వంచుకుని, "వెళ్ళొస్తాం పెద్దక్కా" అంది.

పెద్దక్కకి జవాబు తట్టలేదు. ఉండిపోయేవాళ్ళు ఏమంటారో ఆమెకి తెలియక కాదు, ఉండిపోవడమే ఎరగదు. ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. వచ్చినామె కదలకుండా అలాగే నిలబడింది.

"ఏదో ఒకటి అను అక్కా. నువ్వనందే నేనెట్లా వెళ్ళను?"

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుని, ప్లైవుడ్ పట్టుకుని నిలబడింది. "మంచిది, జాగ్రత్తగా వెళ్ళిరా" అంది. తర్వాత వచ్చినామెకీ అదే చెప్పింది. ఆ వెనకాలామెకీ చెప్పింది. ఆఖరి మనిషి బస్సెక్కేదాకా అలా చెబుతూనే ఉంది.