గాజు ఇంట్లో పూసిన మొక్క

మా బావ జంతుప్రదర్శనశాలను ఆనుకుని ఉన్న పెద్ద తోటలో పదకొండేళ్లుగా రోజుకూలీ. పులిని చూడడానికి ఎగబడే జనమంటే ఆయనకు ఒళ్లుమంట. మొక్కను చూడడం రానివాడు మనిషే కాదంటాడు. ఆ తోటలోని గాజు ఇంట్లో ఒక దూరదేశపు మొక్క ఉంది. అది పూసిన రోజు ఆయన్ని పర్మనెంటు చేస్తానని అధికారి మాటిచ్చాడు. ఆ మహానుభావుడు మాత్రం ఇన్నేళ్లలో దాని మొహం చూసిన పాపాన పోలేదు. ఏటా ‘మొక్క ఆరోగ్యంగా ఉంది’ అని సంతకం గీకి పైకి పంపేవాడు.

మొన్న ఆదివారం నేను పిల్లల్ని తీసుకెళితే, పులి దాకా పోనివ్వకుండా బావ మమ్మల్ని గాజు ఇంటికి లాక్కుపోయాడు. మొక్క పూసింది. పేరు పలక పక్కన గోరంత తెల్లపూలు. మా అక్క అప్పటికే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

నా నోరు ఊరుకుంటుందా? “బావా, ఇది మా పెరట్లో పీకి పారేసే కలుపే,” అన్నాను.

ఆయన వంగి, పువ్వును తిప్పి తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

“బయట రెండాకులప్పుడే పీకేస్తాం కదరా. ఎరువేసి పెంచితే ఎలా ఉంటుందో ఎవరు చూశారు? నెలనెలా కొనలు కత్తిరించమని కాగితంలో రాసిచ్చారు. కత్తెర విరిగి రెండు నెలలైంది, కొత్తది ఇవ్వలేదు. అందుకే పూసింది.”

“అసలుది ఎప్పుడో చచ్చుంటుంది. నువ్వు మాట్లాడకు,” అంది అక్క బావతో. “ఉద్యోగం వచ్చేదాకా నోరెత్తకు.”

ఇంతలో ఫోటోగ్రాఫర్‌ను వెంటేసుకుని అధికారి దిగబడ్డాడు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యా, ఇది ఆ మొక్క కాదండీ. కలుపు.”

అధికారి పూలకేసి చూడనైనా లేదు. పలక చదివాడు.

“పదకొండేళ్లు నేను సంతకం పెట్టింది కలుపు మీదనా? పేరు రాసే ఉంది కదయ్యా. జరుగు, ఫోటోకి అడ్డం.”

వారంలో పర్మనెంటు కాగితం వచ్చింది. అక్క వాడంతా మిఠాయి పంచింది. బావ ఒక్క ముక్క ముట్టలేదు. నాకు ఆయన మీద జాలేసింది, ఆ సంతకాల మీద అసహ్యం వేసింది.

ఇప్పుడు ఆ మొక్క చుట్టూ ఇనుప కంచె ఉంది. పొద్దున్నే బావ తోటంతా తిరిగి, కనబడ్డ చోటల్లా అదే కలుపును వేర్లతో సహా పీకేస్తాడు. ఆ తర్వాత చేతులు కడుక్కుని, కంచె తాళం తీసి, దానికే నీళ్లు పోస్తాడు.