రాగి వెంట్రుకల పొట్లం

బాలమ్మ తుమ్మడం వల్ల విశ్వేశ్వరరావు గారిని రాయదుర్గంలో ఓ అద్దాల ఆఫీసు గేటు దగ్గర ఆపేశారు. మెటల్ డిటెక్టరు కూసింది. ఆయన వాచీ తీశారు, బెల్టు తీశారు, తాళాలు తీశారు. అయినా కూసింది. గార్డు దాన్ని కిందినుంచి పైకి జరుపుతూ పోయి, ఆయన తల దగ్గర ఆగి, "ఇగ తీయడానికి ఏం లేదు సార్" అన్నాడు. ఆ గార్డు బాలమ్మ భర్త మొగిలి. తన భార్య పనిచేసే షెడ్డు సూపర్‌వైజరు గారి క్రాపులో రాగి ఎందుకు మెరుస్తోందో అతనికి తెలుసు. పదిమందిలో చెప్పలేదు, అంతే.

ఆ రాగే బాలమ్మ బతుకుతెరువు. గుట్టల వెనక రేకుల షెడ్డులో, ఫ్యాన్లు ఆపి, ఒక్క తుమ్ముకే ఎగిరి పక్కవాళ్ల తలలో పడతాయని మూతికి గుడ్డ కట్టుకొని, వెంట్రుకకన్నా సన్నని తీగ ముక్కల్ని ఒకదానికొకటి అతుక్కోకుండా పేర్చి పొట్లం కట్టేది. ఆ పొట్లం చిన్న రాకెట్టు ముక్కులో కూర్చుని, విమానాలకు అందని ఎత్తుకు పోయి విచ్చుకుంటుంది. తీగలు గాలికి కొట్టుకుపోతుంటే కింద రాడార్ వాటి వెంటే చూస్తుంది. పైన గాలి ఎటు వీస్తోందో, ఎక్కడ చెదురుతోందో అట్లా తెలుస్తుంది.

ఆ జనవరిలో సూర్యగ్రహణం. పట్టపగలు ఎండ తగ్గిపోతే పైగాలి ఏమవుతుందో చూడాలని దక్షిణాన సముద్రం ఒడ్డున రాకెట్లు సిద్ధం చేస్తున్నారు. ఇక్కడేమో తెలంగాణ ఉద్యమం, బంద్ మీద బంద్. షెడ్డులో తోడు పనిచేసే నవనీత బాచుపల్లి నుంచి వచ్చిన రోజున వచ్చినట్టు, లేకపోతే లేదు.

"గ్రహణం పూట దేవుని మీదికి రాకెట్లు ఇడుస్తరా సార్? మీ ఆంధ్రోళ్లకు జర భయం లేదా?" అనేది నవనీత.

"మీరు మమ్మల్ని పంపించేలోపు వాటిని పంపించేద్దామమ్మా, త్వరగా కానివ్వండి" అనేవారు రావు గారు.

బాలమ్మ తమ్ముడు సంతోష్ హఫీజ్‌పేట్‌లో ఆటో నడిపేవాడు. చాయ్ బండి దగ్గర "మా అక్క ఆకాశానికి జడలల్లుతది" అని కోతలు కోసేవాడు. ఒక ర్యాలీలో తొక్కిసలాటై, తలకు దెబ్బ తగిలి దవాఖానలో పడ్డాడు. బాలమ్మ పగలు షెడ్డులో, పొద్దుగూకితే తమ్ముడి మంచం దగ్గర.

"అక్కా, గ్రహణం రాకెట్ల నీ పొట్లం పోతదా?"

"పోతది. ఫికర్ చెయ్యకు, పండుకో."

"నువ్వు కట్టిందే పోవాలె. అందరికీ చెప్పిన. ఇజ్జత్ తీయకు."

"నువ్వు లేచి రా ముందు. చూద్దువు గాని."

లేవలేదు. గ్రహణం ఇంకా రాకముందే పోయాడు. ఆఖరున మంచినీళ్లు అడిగాడట. తెచ్చేలోపు అయిపోయింది.

రావు గారు మొగిలితో కబురు పంపారు: రావద్దు, మేమేదో చూసుకుంటామని. చూసుకోవడానికి ఎవరూ లేరు. నవనీత బంద్‌లో చిక్కుకుంది. దహనం చేసిన మర్నాడు పొద్దున్నే బాలమ్మ బయల్దేరింది. మైల పట్టిన మనిషి గడప దాటుడేందని అత్త తిట్టింది. అయినా వచ్చింది. షెడ్డు బయటే నిలబడి అడిగింది:

"ఆఖరి పొట్లాలు నేనే కడత సార్. వానికి మాటిచ్చిన."

రావు గారు తలుపు తెరిచి, తాను బయట నిలబడ్డారు. లోపల ఆమె ఏడవలేదు. ఏడిస్తే తీగలు ఎగురుతాయి.

గ్రహణం పూట బస్తీ అంతా తలుపులేసుకుంది. బాలమ్మ ఒక్కతే వాకిట్లో నిలబడి, దవాఖాన వాళ్లిచ్చిన తమ్ముడి తల ఎక్స్‌రే అడ్డం పెట్టుకొని సూర్యుణ్ణి చూసింది.

వారం తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. ఒక రాకెట్టులో తీగలు విచ్చుకోలేదు, ముద్దగా పడిపోయాయి, రాడార్‌కు ఏమీ చిక్కలేదు. ఆ వరసలోనే కట్టి మిగిలిన పొట్లం విప్పి చూస్తే తీగలకు నూనె. రావు గారు పాపం రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"చేతులు శుభ్రంగా కడుక్కోవాలని తెలుసు కదా బాలమ్మా. గ్రహణం మళ్లీ రమ్మంటే రాదు. పైవాళ్లు నన్ను తిడుతున్నారమ్మా."

బాలమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"కడుక్కునే వచ్చిన సార్, తమ్మునికి ఆఖరి తానం పోసినప్పుడు అంటిన నూనె, ఎంత కడిగినా పోలే."