సూర్యుడి అంచున పొట్టేలు కొమ్ము

మా పాపకి ఇవాళ సూర్యుడు దొరికినాడు! పాప అంటే చిన్నపిల్ల కాదు, ఆత్మకూరులో సైన్సు టీచరు. ఒక్క ఎరుపు రంగును మాత్రమే లోపలికి రానిచ్చే టెలిస్కోపు కొనుక్కొని, రెండు నెలలుగా ఉదయగిరిలో మా మిద్దె మీద సూర్యుడి ఫోటోలు తీస్తా ఉండాది. ప్రతిసారీ బొమ్మ వణికి చెదిరిపోయేది. మొన్న కళ్లనీళ్లు పెట్టుకొని, "ఇంక నా వల్ల కాదు, అమ్మేస్తాను నాయనా" అనింది.

నాది ఐదో తరగతి చదువే గానీ, గొర్రెల ఎనకాల ఎండలో నలభై ఏళ్లు తిరిగినోణ్ణి. కాలిన మిద్దె మీద గాలి వణుకుతాది, నిండు నీళ్ల పక్కన అంత వణకదు. అందుకే పొద్దున్నే పాపను సోమశిల నీళ్ల ఒడ్డుకి తీసుకపోయినాను. అక్కడ గాలి నిద్రపోతా ఉన్నట్టుండాది.

పాప టెలిస్కోపులో చూసి, చెయ్యూపి నన్ను పిలిచింది. చెప్పులిడిచి, దణ్ణం పెట్టి కన్ను ఆనించినాను. అబ్బబ్బా! ఎర్రటి సూర్యుడు, అంచున పొట్టేలు కొమ్ము మాదిరి మంట, కదలకుండా నిలబడి ఉండాది. ఫోటో కూడా అట్లనే పడింది.

"మన భూమి మొత్తం ఆ కొమ్ములో ఇమిడిపోతాది నాయనా."

"సోమశిల డ్యామ్‌తో సహానా?"

"నీ గొర్రెలతో సహా!"

ఇంటికొచ్చినా కళ్లు మూస్తే అదే ఎరుపు. టీచరమ్మకే పాఠం చెప్పినానని గొప్పలు పోతా ఉండానంటారా? పోనీండి, మీ బిడ్డలకి మీరేం నేర్పినారో కింద రాయండి.

ఈ సంగతి ఇంకా చెప్పాల్సినోళ్లు: కొండాపురం చెల్లెలు, సంగం వియ్యంకుడు, నెల్లూరులో చిన్నబ్బాయి, పాప మేనమామలు ముగ్గురూ. మా అమ్మకి చూపు ఆనదు. ఆమె పక్కన నేనే కూర్చొని, అరచేతిలో వేలితో ఆ కొమ్ము గీసి చూపించాల.