సెల్లు లేని ట్యాంక్

నమ్మేవాళ్లే వినండి. నమ్మనివాళ్లు టీ తాగేసి లేవచ్చు, నేనేం అనుకోను. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. నా కాలికి తగిలింది.

అప్పట్లో మాదాపూర్‌లో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే ఒక సందులో, మేడ మీద ఒంటిగది అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటావిడ లక్ష్మమ్మ గారు ఒక్కరే ఉండేవారు. ఆఫీసులో అందరూ స్థలాలు కొనే హడావిడిలో ఉంటే నేను ప్లాస్టిక్ ఇటుకలు కొనేదాన్ని. పిల్లలు ఒకదానికొకటి తగిలించి ఆడుకునే ఇటుకలే. వాటికి మోటార్లు బిగించి యుద్ధ ట్యాంకులు కట్టేదాన్ని. "పెళ్లి కావలసిన పిల్లవి, ఇంకా బొమ్మలేంటే?" అని అమ్మ ఫోన్‌లో సాధించేది. ఆ మాట విన్నాక ఇంకా పెద్దది కట్టాను.

ఆ రాత్రి వాన. అన్నం తిని లేచానో లేదో కరెంటు పోయింది. టార్చ్ వెలగలేదు. ట్యాంక్ పొట్టలోంచి పెన్సిల్ సెల్లన్నీ తీశాను. కావలసినవి టార్చ్‌లో వేసి, మిగతావి మంచం మీద పడేశాను. మళ్లీ చెప్తున్నా... అన్నీ తీసేశాను.

అప్పుడు వినిపించింది.

గ్ర్ర్... గ్ర్ర్... టిక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఎడమ వైపు పళ్లచక్రం ఒకటి సరిగా కూర్చోదు. తిరిగినప్పుడల్లా టిక్‌మంటుంది. టార్చ్ అటు తిప్పాను.

ట్యాంక్ కదులుతోంది.

నెమ్మదిగా... చాప అంచు దిగింది. గచ్చు మీదికి వచ్చింది. సెల్లు పెట్టే అర మూత తెరిచే ఉంది. లోపల ఖాళీ... నా వైపే వస్తోంది. తలుపు నా వెనకే ఉంది, పరిగెత్తొచ్చు. కానీ ఎందుకో ఒళ్లు మండింది. గది నాది. ట్యాంక్ నాది. నేనెందుకు పోవాలి? అక్కడే నిలబడ్డాను.

వచ్చి నా బొటనవేలికి ఆనింది. ఆగలేదు. నెడుతోంది... రబ్బరు పట్టీలు గచ్చు మీద జారుతున్నాయి... వంగి రెండు చేతులతో ఎత్తాను. గాల్లో కూడా పట్టీలు తిరుగుతూనే ఉన్నాయి. మోటారు మీద వేలు పెట్టాను. అంతసేపు తిరిగింది, వేడెక్కాలి. చల్లగా ఉంది... ఫ్రిజ్‌లోంచి తీసినట్టు.

ఎవరో తలుపు తట్టారు. పట్టీలు ఠక్కున ఆగిపోయాయి.

తీస్తే లక్ష్మమ్మ గారు, చేతిలో కొవ్వొత్తి. "ఏంది బిడ్డా, గా చప్పుడు మళ్ల షురూ అయిందా?"

"మళ్లీ అంటే ఏంటి ఆంటీ?"

"నీకంటే ముందు కిరాయికున్నోళ్లు గిదే చప్పుడని ఖాళీ చేసి పోయిండ్రు. జర కిందికి రా. నా కాడ పండుకో."

"వాళ్ల దగ్గర కూడా మోటారు బొమ్మలుండేవా?"

"బొమ్మల్లేవు, ఏం లేవు. మొగుడు పెండ్లాం, సినిమాలల్ల డాన్సులు చేసేటోళ్లు. రెండు పెట్టెలు, గంతే."

అయినా అన్నాను, "నేను రాను ఆంటీ. ఖాళీ కూడా చెయ్యను."

"నీ ఇష్టం బిడ్డా. గడియ మాత్రం పెట్టకు." ఆమె దిగి వెళ్లిపోయారు.

ట్యాంక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది కదల్లేదు. కానీ... ఎదుటి మూల నుంచి, బీరువా కింద నుంచి...

గ్ర్ర్... టిక్.

టార్చ్ వేసి చూశాను. బీరువా కింద ఏమీ లేదు. చప్పుడు మాత్రం ఉంది.

ఇక ఊరుకోలేదు. టార్చ్‌లోని సెల్లు తీసేశాను. చిమ్మచీకటి... మంచం మీదవి తడిమి, అన్నీ కలిపి ట్యాంక్‌లో వేశాను. నేల మీద పెట్టి, ఆ మూల వైపు తిప్పి, మీట నొక్కాను. "పో" అన్నాను, పైకే.

వెళ్లింది. చీకట్లో రెండు చప్పుళ్లు. ఒకటి వెళ్తోంది... ఒకటి వస్తోంది... దగ్గరయ్యాయి. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ తగిలినట్టు చిన్న శబ్దం. తర్వాత ఒకటే మిగిలింది. అది నా వైపు తిరిగి వచ్చింది.

కరెంటు వచ్చేసరికి ట్యాంక్ నా ముందు ఉంది. దానికి ముందుకు పోవడం తప్ప వెనక్కి తిరగడం రాదు. నేను అలా కట్టలేదు.

ఆ గదిలో ఇంకా కొన్నేళ్లు ఉన్నాను. చప్పుడు మళ్లీ రాలేదు. ట్యాంక్‌ని పారెయ్యమని అందరూ అన్నారు. పారెయ్యలేదు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మూలకి వెళ్లింది నాదే. తిరిగి వచ్చింది మాత్రం... ఏమో.