నాయనమ్మ పది వేళ్లు

ఊరికే వచ్చిన డబ్బంటే మా నాయనమ్మకు అనుమానం. పింఛను మొదలైన నెల పోస్టాఫీసు నుంచి ఇంటికి వచ్చి, ఆ నోట్లు దేవుడి పటం ముందు పెట్టి, వాటి వంక చాలాసేపు చూసింది. "ఎవరిచ్చిండ్రురా? నేనేం పని జేసిన్నని ఇచ్చిండ్రు?" అని మా బాపును నిలదీసింది. తాత లేడు కాబట్టి నెలనెలా సర్కారు ఇస్తుందని బాపు చెప్పాడు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎక్కడో కూర్చుని తన పేరు గుర్తుపెట్టుకోవడం ఆమెకు ఏ మాత్రం నమ్మశక్యంగా లేదు.

మరుసటి నెల చీపురు పట్టుకుని బయలుదేరింది. పింఛను ఇచ్చే రోజు అందరికంటే ముందే పోయి, పోస్టాఫీసు వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, అప్పుడు లైనులో కూర్చునేది. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న నాకు తల కొట్టేసినట్టుండేది. "నిన్నెవరు ఊడ్వమన్నరే నాయినమ్మా, నువ్వేమన్న జీతమున్నవా?" అని కసిరితే, "ఊకె తిన్న బువ్వ అరగది బిడ్డా" అనేది. ఆమెతో పోయిన రోజుల్లో ఆ చీపురు నాది కాదన్నట్టు నాలుగడుగులు వెనక నడిచేదాన్ని.

మా ఊరు జిన్నారం దగ్గర. గాలి ఎటు తిరిగిందో కంపెనీల వాసనే చెప్పేది. బాపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. జీతం పదో తారీకు అనేవాళ్లు గానీ, ఇరవై దాటినా కాంట్రాక్టరు ఫోను ఎత్తిన పాపాన పోయేవాడు కాదు. పింఛనూ ఒక తేదీకి కట్టుబడి వచ్చేది కాదు. అయినా అమ్మ నూనె ప్యాకెట్టును కత్తిరించి ఆఖరి చుక్క పిండుకునే రోజుల్లోనే అది దిగేదని నాకు గుర్తు. రెండు వేల పదహారు రూపాయలు. ఆ పదహారు నాయనమ్మ, పెళ్లిలో చదివించినట్టు, నా చేతిలో పెట్టేది. మిగతావాటితో గ్యాస్ బండ వచ్చేది, ఆమె బీపీ గోళీలు వచ్చేవి, ఒకసారి నా పరీక్ష ఫీజు కూడా అందులోంచే కట్టారు. ఇప్పుడు నేనే ఒక కంపెనీ ల్యాబులో పనిచేస్తూ అంతకు ఎన్నో రెట్లు తెస్తున్నాను. అన్ని పనులు మాత్రం కావు. అంత చిన్న డబ్బులో అంత సంసారం ఎలా పట్టిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

అంతకంటే వింత నాయనమ్మలో వచ్చిన మార్పు. అంతకుముందు అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది. బీపీ గోళీని సగానికి విరిచి రెండు రోజులు మింగేది, ఎవరూ చూడకుండా. పింఛను వచ్చాక మెల్లగా మాతోపాటే కంచం ముందు కూర్చుంది. ఇంకొన్నాళ్లకు కూరకు వంకలు పెట్టింది. "గిదేం పులుసే, పులుపే లేదు" అని ఆమె మొదటిసారి అన్నప్పుడు అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను కిసుక్కున నవ్వాను. అమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. మర్నాడు ఇంకొంచెం చింతపండు వేసింది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో చిక్కు వచ్చిపడింది. ఒక నెల నాయనమ్మ రుద్రారంలో ఉండే మేనత్త ఇంటికి పోయి, అక్కడే జ్వరంతో మంచం పట్టి, పింఛను రోజుకు రాలేకపోయింది. తర్వాతి నెల పోయింది గానీ వేలిముద్రల మిషను ఆమె వేళ్లను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది? ఆ చేతులు నాట్లు వేశాయి, కలుపు తీశాయి, ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఊరి బయటి షెడ్డులో కంపెనీల ఖాళీ డ్రమ్ములు కడిగాయి. వేళ్ల కొసలు కొన్నిచోట్ల అరిగి నున్నగా, కొన్నిచోట్ల పగిలి బీటలుగా ఉండేవి. మూడు నెలలు వరసగా తీసుకోకపోతే పేరు కొట్టేస్తారని ఊళ్లో అందరూ అన్నారు. సరిగ్గా అప్పుడే కంపెనీలో బాపును పనిలోకి రావద్దన్నారు. ఇంట్లోకి రూపాయి వచ్చే దారి ఇక ఆ వేళ్లొక్కటే.

నాయనమ్మ రాత్రీ పగలూ వేళ్లకు వెన్న రాసుకుంది. చదువుకున్నదాన్ని నేనున్నాను కదా, ఇంకా మంచి ఉపాయం చెప్పాను. ఆషాఢం వచ్చింది, మైదాకు పెట్టుకుంటే పగుళ్లు మానతాయి, వేళ్లు మెత్తబడతాయి అన్నాను. మా దగ్గర గోరింటాకును మైదాకు అంటారు.

"మొగడు లేనిదాన్ని, నలుగురు సూస్తె ఏమంటరే" అంది.

"సోకు కాదు నాయినమ్మా, మందనుకో" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటి చెట్టు ఆకు కోసుకొచ్చి రోట్లో రుబ్బాను. ఎర్రగా పండాలని చింతపండు కూడా వేశాను. "మందుకు చింతపండెందుకే?" అని నాయనమ్మ ఓరగా చూసింది. చేతులు మాత్రం చాపింది. అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు పెడుతుంటే చిన్నపిల్లలా కదలకుండా కూర్చుంది. తాత పోయిన పదకొండేళ్లలో ఆమె చేతుల మీద రంగు చూడలేదు నేను.

"ఎర్రగ పండితె మంచి మొగుడొస్తడే" అని ఏడిపించాను.

"వచ్చినోడు సాలు" అంది. కుడి చిటికెన వేలు దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. "దీనికొద్దు. పెండ్లిల మీ తాత పట్టుకొని నడిచిన ఏలు."

మందేగా అని ఎంత నచ్చజెప్పినా వినలేదు. తొమ్మిది వేళ్లకే పెట్టాను.

ఆ మూడో నెల, పింఛను ఇచ్చే ఆఖరి రోజు పొద్దున్నే పోయాం. చేతులు దానిమ్మ గింజల్లా పండాయి. నాయనమ్మ వాకిలి ఊడ్చి లోపలికి వచ్చింది. పోస్టాఫీసులో పింఛన్లిచ్చే ఆవిడ, కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి భానూరులో స్థిరపడినవాళ్ల ఇంటి ఆడపిల్ల. ఆ చేతులు చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"అయ్యో మామ్మగారూ, ఇదేం పనండీ? గోరింటాకు ఉంటే మిషను తీసుకోదు" అంది.

అయినా బొటనవేళ్లు పెట్టించింది, చూపుడు వేళ్లు పెట్టించింది. ప్రతిసారీ ఎర్రలైటే. లైనులో ఉన్నవాళ్లు తలా ఒకటి చెప్పారు. సబ్బుతో కడిగాం, కొంగుకు తుడిచాం, నూనె రాసిన తలకు వేళ్లు రుద్దాం. వేళ్లు పగిలినవాళ్ల తరఫున పంచాయతీ సెక్రటరీ తన వేలు పెట్టి ఇప్పించే పద్ధతి ఉండేది. ఆయన బదిలీ మీద పోయి పది రోజులైంది, కొత్తాయన ఇంకా రాలేదు.

"నా చేతిలో ఏం లేదమ్మా" అని ఆవిడ నాతో అంది. ఆమెకూ బాధగానే ఉంది.

నాయనమ్మ చేతులు కొంగులో దాచుకుని, "పోదాం పా బిడ్డా, ఎన్ని దినాలని ఇస్తరు" అంది. ఆ దాచుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. చింతపండు వేసిన నా చేతిని నరుక్కోవాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది.

"నాయినమ్మా, చిటికెన వేలు" అన్నాను.

"దానితోటి సర్కారుకేం పని?" అంది.

"దానిక్కూడా ముద్ర తీసుకునే ఉంటారు, పెట్టి చూడండి మామ్మగారూ" అంది ఆవిడ.

నాయనమ్మ కొంగులోంచి కుడి చెయ్యి తీసి, రంగు అంటని ఆ ఒక్క వేలిని మెల్లగా అద్దం మీద ఆనించింది. డ్రమ్ములు కడిగేటప్పుడు పైకి లేచి ఉండే వేలు కాబట్టి అరగలేదో, మరింకేమో నాకు తెలియదు. మిషను కుయ్యిమంది. పచ్చలైటు వెలిగింది. వెనక లైనులో ఎవరో దండం పెట్టారు. ఎవరి లెక్కలోనూ లేని ఆ వేలికి పదేళ్ల కింద ఆధార్ కోసం ఎవరో ముద్ర తీసి ఎక్కడో దాచిపెట్టారు. పదకొండేళ్లుగా ఈమె ఆ వేలిని ఇక్కడ దాచుకుంది. ఆ రెండూ ఆ పూట కలుసుకున్నాయి.

పోయిన రెండు నెలలవి రాలేదు. ఆ నెలది వచ్చింది, పేరు నిలిచింది.

నోట్లు బొడ్లో దోపుకుని మెట్లు దిగాక నాయనమ్మ ఆగింది. ఆ వేలిని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పోయి పదకొండేండ్లాయె" అంది. "ముసలోడు ఇంక సాకుతనే ఉన్నడు."

ఎడమ చేత్తో ఆ వేలు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు. చీపురు నేను పట్టుకుని పక్కనే నడిచాను.